పెర్ల్ 'లోడ్' ప్రాగ్మా: ఆరేళ్లుగా వాడుతున్నాను

'లోడ్' అనేది పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, కోడ్‌లోని ఏ భాగం ఎప్పుడు మెమరీలోకి రావాలో చెప్పే ప్రాగ్మా, అంటే పెర్ల్‌కు ఇచ్చే ఆదేశం. కర్నూలు ఉల్లి మార్కెట్‌లో కొన్ని మండీలకు కాటా చీటీలు కొట్టే సాఫ్ట్‌వేర్ నాది. పెర్ల్‌లో రాశాను, అపాచీ వెబ్ సర్వర్ మీద, పెర్ల్‌ను దాని లోపలే నడిపే మోడ్‌పెర్ల్‌తో నడుస్తుంది. బిల్లింగ్ మాడ్యూల్‌లో రోజూ పనిబడే సబ్‌రొటీన్లు (ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు) పది, నెలకోసారి పిలిచేవి యాభై. మెమరీ ఆదా అవుతుందని మొదట్లో ఆటోలోడర్ అనే మాడ్యూల్ పెట్టాను. కోడ్ ఇక్కడితో అయిపోయిందని పెర్ల్‌కు చెప్పే ఎండ్ గుర్తు కింద రాసినవాటిని ఆటోస్ప్లిట్ అనే దాని జోడీ మాడ్యూల్ విడివిడి ఏఎల్ ఫైళ్లుగా కోస్తుంది. పిలిస్తేనే ఒక్కోటి లోడవుతుంది.

ఒక సీజన్‌లో దెబ్బ తగిలింది. హమాలీ రేటు, మాడ్యూల్ ఫైలు పైభాగాన 'మై'తో, అంటే ఆ ఫైలుకే పరిమితమయ్యే వేరియబుల్‌గా ఉంది. లెక్కగట్టే సబ్‌రొటీన్‌ను ఎండ్ కిందికి దించాను. ఏఎల్ ఫైలుకు ఆ 'మై' కనబడదు, ప్రకటించని వేరియబుల్‌ను పట్టించే 'స్ట్రిక్ట్' కూడా అక్కడికి రాదు. ఒక్క ఎర్రర్ లేదు, చీటీలో హమాలీ మాత్రం 0. "సార్, హమాలీలు డబ్బులు పడలేదని కాటా కాడ నిలబడినారు" అని గుమస్తా ఫోన్ చేస్తేనే తెలిసింది. 'మై' తీసి, ఫైలు బయటి నుంచి కూడా అందే 'అవర్' పెట్టాక సర్దుకుంది.

ఆ తర్వాత ఎలిజబెత్ మాటైసెన్ రాసిన 'లోడ్'కు మారాను. 'మై' జాగ్రత్త దీంట్లోనూ తప్పదు. కానీ ఫైలును ముక్కలు చెయ్యదు, ఏ సబ్‌రొటీన్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడు లోడవ్వాలో అప్లికేషన్ వైపు నుంచే చెప్పొచ్చు, మాడ్యూల్‌ను ముట్టుకోనక్కర్లేదు. అపాచీ స్టార్టప్ ఫైల్లో మాడ్యూళ్ల కంటే ముందు 'నౌ' (అన్నీ ఇప్పుడే లోడ్ చెయ్) అని పెట్టాను. అన్నీ అపాచీ తల్లి ప్రాసెస్‌లోనే లోడై, అది పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు ఆ మెమరీనే పంచుకుంటాయి. అంతకుముందు ప్రతి పిల్లా తొలి పిలుపుకు విడిగా కంపైల్ చేసుకునేది. పొద్దున మొదటి చీటీలు నత్తనడకన వచ్చేవి.

వేగం కంటే నాకు విలువైంది ఇంకొకటుంది. పెర్ల్ సింటాక్స్ తనిఖీ ఎండ్ దాటి చూడదు. కింద బ్రాకెట్ మరిచినా 'ఓకే' అనేస్తుంది, ఆ సబ్‌రొటీన్‌ను ఎవరో పిలిచిన రోజు కూలబడుతుంది. 'నౌ' పెట్టినప్పటి నుంచి అలాంటివి రాత్రి రీస్టార్ట్ చేస్తుండగానే నా కంటబడుతున్నాయి, లారీ కాటా మీదికి రాకముందే దిద్దుతున్నాను.

ఆటోలోడర్ పెర్ల్‌తోనే వస్తుంది, 'లోడ్'ను సీపాన్ అనే పెర్ల్ మాడ్యూళ్ల భండారం నుంచి తెచ్చుకోవాలి. నెలాఖరు లెక్కల స్క్రిప్టుకు 'ఆన్‌డిమాండ్' (పిలిచినప్పుడే లోడ్) అలాగే ఉంచాను. ప్రతి క్లిక్కుకూ కొత్త ప్రాసెస్ పుట్టే మామూలు సీజీఐ అయితే 'నౌ' పెట్టొద్దు, వాడని యాభై సబ్‌రొటీన్లూ ప్రతిసారీ కంపైల్ అవుతాయి.