గది కలపాలంటే వేరియెన్స్ అడగాలా, ప్లాన్ మార్చాలా?

అమెరికాలో ఇంటికి ఒక గది కలుపుదామంటే తరచూ అడ్డొచ్చేది సెట్‌బ్యాక్, అంటే గోడకూ స్థలం హద్దుకూ మధ్య వదలాల్సిన జాగా. కొత్త గది అందులోకి చొచ్చుకొస్తే ఒకటి, మినహాయింపు (వేరియెన్స్) అడగాలి. లేదంటే ప్లాన్ మార్చుకోవాలి.

ప్లాన్ మార్చడంలో టెన్షన్ తక్కువ. రూల్స్‌కు లోబడితే మామూలు పర్మిట్‌తో పనైపోతుంది. గది కాస్త కుదించాలి, లేదా పైకి కట్టాలి. పైకి కడితే పునాది బలం చూడాలి, మెట్లకు చోటు పోతుంది.

వేరియెన్స్ కథ వేరు. దరఖాస్తు, ఫీజు, చుట్టుపక్కల వాళ్లకు నోటీసు, ఆపైన జోనింగ్ బోర్డు (ఏ స్థలంలో ఏం, ఎలా కట్టొచ్చో చూసే స్థానిక బోర్డు) ముందు బహిరంగ విచారణ. "పిల్లలు పెద్దవాళ్లయ్యారు, చోటు చాలట్లేదు" అంటే బోర్డు సాధారణంగా కరగదు. చాలాచోట్ల ఇబ్బంది మనుషులది కాదు, స్థలానిది కావాలి: వంకర ప్లాటు, నిటారు వాలు లాంటివి. మన చేతులారా తెచ్చుకున్న ఇబ్బందైతే కేసు ఇంకా బలహీనం. న్యూయార్క్ రాష్ట్రం ఇక్కడ కాస్త నయం. సెట్‌బ్యాక్ లాంటి కొలతల మినహాయింపు అడిగితే ఇంటివాళ్ల లాభాన్నీ ఇరుగుపొరుగుకు కలిగే నష్టాన్నీ తూకం వేస్తారు. ఇంకో సంగతి, మంజూరైన వేరియెన్స్ సాధారణంగా స్థలంతోనే ఉంటుంది. ఇల్లు అమ్మినా పోదు.

రెండడుగుల కోసమైతే నా ఓటు ప్లాన్ మార్చడానికే. ప్లాటు ఆకారమే అడ్డమైతే బోర్డు దగ్గరకు వెళ్లొచ్చు. కాకపోతే ముందు పక్కింటివాళ్లతో మాట్లాడండి, నిర్ణయం వచ్చేదాకా కాంట్రాక్టర్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి.