మూడేళ్లు బయటి టిఫినే, జేబులో గ్లూకోమీటర్: వైజాగ్‌లో నాకు ఏది పడింది, ఏది పడలేదు

నేను ఉండేది మద్దిలపాలెంలో, పని పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ ల్యాబ్‌లో. మా ఆవిడ టీచరు, పోస్టింగ్ పాలకొండ వైపు, శనాదివారాలే కలుస్తాం, కాబట్టి వారంలో ఐదు రోజులు టిఫిన్ బయటే. కంపెనీ బస్సు 6:15 కి వచ్చేస్తుంది, ఆ లోపు ఏదో ఒకటి తినాలి. 2022 లో కంపెనీ వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో హెచ్‌బిఎ1సి, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, ఇంకా షుగర్ కాదు గానీ గుమ్మం దాకా వచ్చేసినట్టే. మా నాన్నకి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు, ఆ రోజులు నేను కళ్లారా చూశాను, అందుకే రిపోర్టు చేతికి రాగానే నాకు చాలా భయమేసింది. డాక్టరు గారు ఒకటే అన్నారు, టిఫిన్ మానొద్దు, మార్చు అని. సరే ఏది మార్చాలో ఎవర్నో అడగడం ఎందుకు, నేనే కొలుచుకుందాం అని గ్లూకోమీటర్ కొన్నాను. మొదటి ముద్ద తిన్న టైము ఫోన్‌లో రాసుకోవడం, సరిగ్గా రెండు గంటలకి వేలు గుచ్చి చూసుకోవడం. మామూలు మనిషికి ఆ టైముకి 140 లోపు ఉండాలంటారు. కింద చెప్పే అంకెలన్నీ నా ఒంటివి, మీ ఒంటికి వేరేగా రావచ్చు, స్ట్రిప్పులు కొనుక్కుని మీరూ చూసుకోండి.

మొదటి దెబ్బ ఇడ్లీ దగ్గరే తగిలింది. నూనె లేదు, ఆవిరి మీద ఉడికింది, జ్వరం వచ్చినా ఇదే పెడతారు కదా అని నేను రోజూ నాలుగు ఇడ్లీలు, బొంబాయి చట్నీ, సాంబారు, పైన పంచదార టీ లాగించేవాణ్ణి. మీటర్లో 176! మర్నాడు మళ్లీ చూశా, 171. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఇడ్లీ అంటే ఎక్కువ భాగం బియ్యం రవ్వే, మినప్పప్పు ఖరీదు కాబట్టి బయట పిండిలో పప్పు వాటా ఇంకా తగ్గిపోద్ది, దాని మీద శనగపిండి చట్నీ, దాని మీద టీలో పంచదార, అన్నీ ఒకేసారి కడుపులో పడితే ఇంకెంత వస్తుంది.

మానేద్దామనుకున్నా గానీ మనసొప్పలేదు. అప్పుడు నేను రోజూ తినే టిఫిన్ బండి పిన్నితో అన్నాను, పిన్నీ రేపటి నుంచి నాకు రెండిడ్లీ చాలు, ఆమ్లెట్‌కి గుడ్లు తెస్తావు కదా, అందులో రెండు ఉడకబెట్టి ఉంచుతావా అని. "ఏటి బాబూ, ఇడ్లీలో గుడ్డేటి" అని ముందు నవ్వింది గానీ మర్నాటికి ఇడ్లీ పాత్ర పక్కనే చిన్న గిన్నెలో గుడ్లు ఉన్నాయి. రెండిడ్లీ, రెండు గుడ్లు, కొబ్బరి చట్నీ, పంచదార లేని టీ, 138 వచ్చింది. గుడ్డుకి సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, రెండు తింటే 12, అదీగాక మధ్యాహ్నం దాకా ఆకలి అనిపించలేదు, ఇదివరకు పదిన్నరకే క్యాంటీన్‌లో సమోసా కోసం కాళ్లు లాగేవి. ఈ మూడేళ్లలో నాకు ఎక్కువ పని చేసిన మార్పు ఇదే, ఐటమ్ మార్చలేదు, పక్కన ఏం పెట్టుకుంటున్నానో అది మార్చాను.

పెసరట్టుకి నా ఓటు మొదటిది. ఉప్మా లేకుండా ఒక అట్టు, 124. అదే ఎమ్మెల్యే పెసరట్టు, అంటే లోపల ఉప్మా పెట్టింది, 159. ఒట్టి ఉప్మా ప్లేటు అయితే 180 దాటింది, అది గోధుమ రవ్వ కూడా కాదు, తెల్ల బొంబాయి రవ్వ. పొట్టుతో ఉన్న పెసలు కాబట్టి పీచు, ప్రోటీన్ రెండూ ఉంటాయి, అందుకే మెల్లగా అరుగుతుంది. కానీ రెండు విషయాలు అడగాలి. అట్టు కరకరలాడాలని కొంతమంది పిండిలో బియ్యం బాగా కలుపుతారు, ఆ అట్టు రంగు చూస్తేనే తెలిసిపోద్ది, పచ్చదనం తగ్గి తెల్లగా ఉంటుంది. రెండోది అల్లం చట్నీ. దాంట్లో బెల్లం పడుతుందని మనకి తెలుసు, కానీ తింటున్నప్పుడు ఎవరికి గుర్తుంటుంది, నేను గరిటెడు వేయించుకునేవాణ్ణి, ఇప్పుడు వేలితో నాకేంత. నూనె మాత్రం అన్నా కొంచెం తగ్గించు అంటే చాలు, ఏ పెనం దగ్గరా ఎవరూ కాదనలేదు.

చిరుధాన్యాల గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. 2023 ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఊళ్లో ఎక్కడ చూసినా రాగి బోర్డులే. ఎంవీపీ కాలనీలో వాసెన పోలి అనే టిఫిన్ సెంటర్ వాళ్లు అంతకు ముందు నుంచే రాగి, జొన్న లాంటి వాటితో ఇడ్లీలు ఆకుల్లో ఉడికించి పెడుతున్నారు, వెంకయ్య నాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్నప్పుడు అక్కడ తిని మెచ్చుకున్నారు కూడా. నాకు అక్కడ జొన్న ఇడ్లీ బాగా పడింది, ఆకు వాసనతో రుచి కూడా వేరే. అయితే రాగి అని పేరుంటే చాలు షుగర్ పెరగదనుకోవడం తప్పు. బీచ్ రోడ్డులో వాకింగ్ వాళ్ల కోసం అమ్మే రాగి జావ, బెల్లం వేసింది తాగితే 165 వచ్చింది. మెత్తగా ఆడించిన పిండి, జావగా కాచింది, ఇంక అరగడానికి ఏముంది. అదే మజ్జిగ, ఉల్లిపాయ వేసిన చోడి (మా వైపు రాగుల్ని అలాగే అంటారు) అంబలి, మా అమ్మమ్మ వాళ్లు పొలం వెళ్లే ముందు తాగేది, అది 141. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, ఎముకలకి మంచిది, అది నిజం. దానికోసం తాగండి, బెల్లం లేకుండా.

ఇప్పుడు పెద్ద చెయిన్ల సంగతి, బర్గర్లు, కాఫీ షాపులు. మాల్స్‌లో ఉన్నవి మనకి టిఫిన్ టైముకి తెరవరు, కాబట్టి సెలవు రోజుల్లోనే నా అనుభవం. వీటిలో ఒక మంచి ఉంది, బండి దగ్గర దొరకనిది. 10 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల అవుట్‌లెట్లు ఉన్నవాళ్లు మెనూ మీద ఐటమ్ పక్కనే ఎన్ని కిలో క్యాలరీలో రాయాలని ఫుడ్ సేఫ్టీ రూలు, 2022 జులై 1 నుంచి. పెద్దవాళ్లకి రోజుకి సగటున 2000 కిలో క్యాలరీలు అని కూడా దాంతో పాటు ఉండాలి. డెలివరీ యాప్‌లో కూడా చూసుకోవచ్చు. నేను ముందు తాగేదాని అంకె చూస్తా, తర్వాతే తినేది, ఎందుకంటే క్రీము వేసిన చల్ల కాఫీ ఒక్కోసారి బర్గర్‌తో సమానంగా ఉంటుంది. గుడ్డు ఉన్న బన్ను ఒకటి, సాస్ వద్దని చెప్పి, వేయించిన బంగాళదుంప తీసేయించి, బ్లాక్ కాఫీతో తింటే నాకు 145 దగ్గర ఆగింది, పర్లేదు. సాస్ అంటే పంచదార, ఉప్పు అంతే. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, అది చెంచాడు, ఇలాంటి చోట ఒక్క పూటలోనే చాలా భాగం అయిపోద్ది. ఒక కాఫీ షాపులో మాత్రం నాకు బాగా కోపం వచ్చింది, బోర్డు మీద ఒక్క అంకె లేదు, పంచదార వద్దని రెండుసార్లు చెప్పినా సిరప్ వేసి తెచ్చారు, అడిగితే రెసిపీ అంతేనండి అన్నారు. బండి పిన్ని నా మాట వింటుంది గానీ అంకె చెప్పలేదు, అక్కడ అంకె చెప్పాల్సిన వాళ్లు అదీ చెప్పకపోతే ఇంక ఎందుకు వెళ్లాలి?

అన్న క్యాంటీన్లో కూడా చాలాసార్లు తిన్నాను, టిఫిన్ 5 రూపాయలు, ఇడ్లీ వేడిగా ఉంటుంది. అక్కడ గుడ్డు ఉండదు కాబట్టి ఉడకబెట్టిన పల్లీలు తీసుకెళ్తా.

మైసూరు బజ్జీ, పునుగులు, గారెలు, పూరీ నెలకి ఒకసారి, అది కూడా మొదటి వాయి అయితేనే. కాచి కాచి చెడిన నూనెకి కూడా హద్దు ఉంది, అందులో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పేరుకునే పాడైన పదార్థాలు, 25 శాతం దాటకూడదని 2018 నుంచి రూలు, కానీ రోడ్డు మీద కొలిచే మీటరు ఎవరి దగ్గర ఉంటుంది, కాబట్టి కంటితోనే చూడాలి. నూనె నల్లబడి, జిగటగా అయ్యి, బజ్జీ వేయగానే నురగ పొంగి అలాగే ఉండిపోతే నేను అక్కడ తినను. ఒకసారి చూసి కూడా తిన్నాను, ఆకలి మీద, రెండు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది.

ఇంకొకటి, పార్సిల్. పొగలు కక్కే సాంబారు పలచటి కవర్లో పోసి ముడేసి ఇస్తారు చూడండి, అది నాకు అసలు ఇష్టం ఉండదు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్లు 2022 జూన్ 5 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధించారు, అయినా ఇంకా అక్కడక్కడ కనిపిస్తూనే ఉంది. నేను బ్యాగులో చిన్న స్టీలు డబ్బాలు రెండు పెట్టుకుంటా. ఇడ్లీ రేకుల్లో కూడా గుడ్డ వేస్తున్నారా, ప్లాస్టిక్ షీటా అన్నది ఓసారి తొంగి చూడండి, ఇడ్లీకి అలా ప్లాస్టిక్ వాడొద్దని కర్ణాటకలో 2025 లో ఆపించారు, మన దగ్గర మనమే చూసుకోవాలి.

ఫలితం అడిగితే, మొన్న చేయించిన హెచ్‌బిఎ1సి 5.8. బరువు 81 నుంచి 75. అన్నం కూడా తగ్గించాను, సాయంత్రం నడుస్తున్నాను, కాబట్టి అంతా టిఫిన్ పుణ్యమే అనను. ఖర్చు రోజుకి 60, 70 రూపాయలు, గుడ్ల వల్ల ఇదివరకటికంటే కొంచెం ఎక్కువే. ఇంకా కుదరనిది శుక్రవారం, ఊరెళ్లే రోజు, బస్సు ఆగిన చోట పూరీ తప్ప ఏమీ దొరకదు, దానికి ఇంకా దారి దొరకలేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మద్దిలపాలెం వైపు ఉండేవాళ్లు పిన్ని బండికి వెళ్దామనుకుంటే ఆరు లోపే వెళ్లండి. మొదట్లో నా ఒక్కడికే రెండు గుడ్లు ఉడకబెట్టేది, ఇప్పుడు రోజూ ఒక అట్ట, 30 గుడ్లు, ఆటో వాళ్లే ఎక్కువ అడుగుతున్నారంట, ఏడుకల్లా గిన్నె ఖాళీ.