నాలుగు ఎండాకాలాలు, ఒక గేమింగ్ లాప్‌టాప్

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా విజయవాడలో రోళ్ళ సంగతేమో గానీ, నా లాప్‌టాప్ మాత్రం ఆ పని చేస్తుందేమోనని భయపడ్డాను. నా గది డాబా మీద ఉంది. స్లాబు పగలంతా కాగి, రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. ఏసీ లేదు. నాలుగేళ్ళుగా గేమ్స్ ఆడుతున్నది ఆ గదిలోనే.

లాప్‌టాప్ 2021 చివర్లో కొన్నాను. రైజెన్ 7 5800హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్, 144 హెర్ట్జ్ స్క్రీన్. కంపెనీ పేరు చెప్పను, ఈ బాధ ఆ ఒక్కదానిదే కాదు. చలికాలం హాయిగా గడిచింది. ఏప్రిల్ వచ్చాక అసలు రంగు బయటపడింది. సైబర్‌పంక్ 2077 పెట్టి పావుగంట ఆడేసరికి ఫ్యాన్లు హోరెత్తేవి. కింద నుంచి అమ్మ, "ఏరా, ఈ టైములో మిక్సీ వేశావా?" అని అరిచేది. పవర్ బటన్ కింద ఉన్న పట్టీ మీద వేలు ఆనిస్తే చురుక్కుమనేది.

లోపలి వేడి ఎంతో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో యాప్ తెరిచి చూస్తే ప్రాసెసర్ 97 డిగ్రీలు. ఈ చిప్‌కి పెట్టిన గరిష్ఠ పరిమితి 105 కాబట్టి కాలిపోదు. కానీ వేడి మరీ ముదిరితే తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. సెకనుకి 70 ఫ్రేములతో (అంటే 70 బొమ్మలతో) సాఫీగా నడుస్తున్న ఆట ఉన్నట్టుండి 30కి పడిపోయి, నాలుగైదు సెకన్లకు మళ్ళీ లేస్తుంది. సరిగ్గా ఎదురుగా నలుగురు తుపాకులు పట్టుకుని నిలబడ్డప్పుడే పడిపోవడం నా జాతకం.

అందరిలాగే మొదట కూలింగ్ ప్యాడ్ కొన్నాను. 1,400 రూపాయలు, ఐదు ఫ్యాన్లు, చుట్టూ నీలం లైట్లు. తగ్గింది రెండు డిగ్రీలు. లాప్‌టాప్ గాలి పీల్చే కంతలు ఒకచోట, ప్యాడ్ ఫ్యాన్లు ఇంకోచోట ఉన్నాయి. గాలి అడుగున తగిలి పక్కలకి పోతోంది. ప్రస్తుతం నాన్నగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని పాలవాడి లెక్కలు రాసుకుంటున్నారు, దానికి మాత్రం భేషుగ్గా ఉంది. దానికన్నా, లాప్‌టాప్ వెనకవైపు రెండు మంచినీళ్ళ సీసా మూతలు పెట్టి ఎత్తితే నాలుగు డిగ్రీలు తగ్గింది. ఖర్చు సున్నా. మూతలు జారుతున్నాయని తర్వాత లావుపాటి రబ్బర్లు పెట్టాను.

రెండో ఎండాకాలం ఒక తప్పు చేశాను. నీళ్ళ కూలర్ తెచ్చి దాని గాలి నేరుగా లాప్‌టాప్ మీదికి తిప్పాను. మా ఊళ్ళో అసలే ఉక్క. దుమ్ముకి చెమ్మ తోడైతే ఏమవుతుందో లాప్‌టాప్ అడుగు మూత విప్పిన రోజు అర్థమైంది.

విప్పింది కూడా వేరే దారి లేకే. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, "గేమింగ్ లాప్‌టాప్ కదండీ, ఆ మాత్రం వేడి ఉంటుంది" అని చేతిలో పెట్టి పంపించేశారు. వారంటీ అయిపోయాక ఓ ఆదివారం నేనే కూర్చున్నాను. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించాను. పొట్టివీ పొడుగువీ కలిసిపోతే బిగించేటప్పుడు ఏడుపే. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేశాను. ఫ్యాన్ తీసి చూద్దును కదా, వెనక రాగి రేకుల మీద బూడిదరంగు దుమ్ము పాత దూది పరుపులా గట్టిపడి ఉంది. చిమటాతో పట్టి లాగితే ముక్క చెదరకుండా పొడుగ్గా ఊడి వచ్చింది. గాలి ఇక రాబోయేది ఎటు నుంచి? బ్లోయర్ కొట్టేటప్పుడు మాత్రం ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, విచ్చలవిడిగా తిరిగితే బేరింగులు పోతాయి.

చిప్ వేడిని పైనున్న రాగికి అందించే పాత పేస్ట్ ఎండి పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది రాశాను. 86కి దిగింది. సంబరం ఏడు నెలలే, మళ్ళీ 90 దాటింది. చిప్ కాగుతూ చల్లారుతూ ఉంటే పలచటి పేస్ట్ మెల్లగా అంచులకి జరిగిపోతుందట. అందుకని రెండోసారి పేస్ట్ మానేసి హనీవెల్ పీటీఎం 7950 షీట్ వేశాను. మామూలుగా గట్టిగా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్‌కి అతుక్కుంటుంది. వేసి ఏడాది దాటింది, లెక్క మారలేదు.

ఇంత చేశాక తెలిసిందేమిటంటే, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది పైసా ఖర్చులేనిది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99 శాతానికి మార్చాను. ఒక్క శాతమేగా అనిపిస్తుంది. కానీ దాంతో టర్బో, అంటే చిప్ తన మామూలు వేగం దాటి పరిగెత్తడం, ఆగిపోతుంది. 4.4 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకే చిప్ 3.2 దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. ప్రాసెసర్ 18 డిగ్రీలు దిగింది. నా దాంట్లో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ వేడిని మోసే రాగి గొట్టాలు ఉమ్మడివే కాబట్టి ఇది చల్లబడితే అదీ కాస్త ఊపిరి పీల్చుకుంది. సైబర్‌పంక్‌లో పోయినవి ఐదారు ఫ్రేములు. వాలరెంట్‌లో బాగానే తగ్గాయి, అది ప్రాసెసర్ మీద బతికే ఆట. పోటీగా ఆడేవాళ్ళు ఈ సెట్టింగ్ జోలికి పోకపోవడమే మంచిది. కథ ఉన్న ఆటలకి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 60 ఫ్రేములకి కట్టడి చేశాను. హోరు సగానికి సగం తగ్గింది.

ఒక నష్టం మాత్రం పూడలేదు. మూడో ఏడు టచ్‌ప్యాడ్ ఒకవైపు లేచి, నొక్కితే క్లిక్ పడటం మానేసింది. కింద బ్యాటరీ పూరీలా ఉబ్బింది. ఆ కాగే గదిలో పొద్దస్తమానం ఛార్జర్ తగిలించి 100 శాతం నింపి ఉంచిన ఫలితం. కొత్తది 5,200 అయ్యింది. ఛార్జింగ్ 80 దగ్గర ఆపే సెట్టింగ్ మొదటిరోజు నుంచీ కంపెనీ యాప్‌లోనే ఉంది, నేనే తెరిచి చూడలేదు.