ప్లెయిన్ జెలటిన్ పౌడర్: పట్టు బాగుంది, లేబులే బాలేదు

ఇది జెల్లీ, పుడ్డింగ్ లాంటివి గడ్డకట్టడానికి వేసే, రుచీ రంగూ లేని ప్లెయిన్ జెలటిన్ పౌడర్ గురించి అండీ, రెడీమేడ్ జెల్లీ మిక్స్ కాదు. ప్యాకెట్ కొనేముందు నేను చూసేది ఒక్కటే, బ్లూమ్ నంబర్ వేశారా లేదా అని. దీని మీద 225 అని ముందువైపే ఉంది, అది చాలా నచ్చింది. బ్లూమ్ అంటే జెలటిన్ ఎంత గట్టిగా పట్టేస్తుందో చెప్పే కొలత, మామూలుగా 50 నుంచి 300 దాకా ఉంటుంది, అది తెలీకపోతే రెసిపీలో ఉన్నట్టే తూకం వేసినా ఒకరికి ముక్కలు కోసేలా వస్తుంది ఇంకొకరికి జావలా ఉండిపోతుంది.

పౌడర్‌కి ఐదింతలు చల్లటి నీళ్లు తీసుకుని, పైన అంతా సమంగా చల్లి కదపకుండా ఓ పది నిమిషాలు వదిలేశా, మధ్యలో ఎక్కడా పొడి మిగల్లేదు, ఉండ కట్టలేదు, మొత్తం ఉబ్బి మెత్తటి ముద్దయింది. స్టవ్ ఆపేసి ఆ ముద్దని వేడి పాలల్లో వేసి తిప్పితే ఇట్టే కరిగిపోయింది, స్పూన్ వెనక ఒక్క పలుకు కూడా లేదు.

అర లీటరు పాలకి 7 గ్రాములైతే కప్పులోంచి స్పూన్‌తో తినేంత మెత్తగా వస్తుంది. మౌల్డ్ బోర్లించి ముక్కలు కోయాలంటే 10 నుంచి 12 గ్రాములు పడాలి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి. అలా పెట్టి మౌల్డ్‌ని గోరువెచ్చని నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి బోర్లిస్తే చక్కగా ఊడొచ్చింది, కత్తి పెడితే అంచులు నీట్‌గా తెగాయి, ప్లేట్‌లో నీళ్లూరలేదు. వేడి నీళ్లలో కలిపినప్పుడు కాస్త వాసన తెలుస్తుంది కానీ పాలు వెనిల్లా పడ్డాక పోతుంది.

నాకు కోపం తెప్పించింది వెనక రాసిన సూచనలు. "బాగా మరిగించండి" అని రాశారు, ఎక్కువసేపు మరిగిస్తే జెలటిన్ పట్టే తగ్గిపోతుంది కదా, 60 డిగ్రీల వేడి చాలు. కొలతేమో గ్రాముల్లో కాకుండా స్పూన్లలో ఇచ్చారు, ఎవరింట్లో స్పూన్ వాళ్లది. పచ్చి పైనాపిల్, బొప్పాయి, కివీ వెయ్యొద్దని ఒక్క ముక్క కూడా లేదు, వాటిలో ఎంజైములు జెలటిన్‌లో ప్రొటీన్‌ని తెగ్గొట్టేస్తాయి, ఇక ఎంతసేపు ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు! ఆ పండు ముక్కలు ముందే ఉడికించి వేస్తే ఏ ఇబ్బందీ ఉండదు, డబ్బాలో వచ్చే పైనాపిల్ అయితే నేరుగా వేసెయ్యొచ్చు. నిమ్మరసం ఎక్కువ పోసేవాళ్లు ఇంకో గ్రామో రెండు గ్రాములో పెంచుకోండి, పులుపుకి పట్టు తగ్గుతుంది.

ఇది పశువుల జెలటిన్ అని లేబుల్ మీద స్పష్టంగానే ఉంది. శాకాహారులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ తీసుకోండి, అదీ గట్టిగానే సెట్ అవుతుంది, కాకపోతే సుమారు 85 డిగ్రీలకి గానీ కరగదు కాబట్టి నోట్లో పెట్టగానే కరిగిపోయే ఆ మెత్తదనం దాంట్లో రాదు.