‘పిల్లలకు సేఫ్’ అని అమ్ముతున్న ఆ ఐదు మొక్కల కాంబో కొనకండి

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళందరికీ, ముఖ్యంగా పాకే పిల్లలో, కుక్కలో, పిల్లులో ఉన్న ఇళ్ళవాళ్ళకు ఇది రాస్తున్నాను. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరిగే ఆ ‘ఎయిర్ ప్యూరిఫయర్ కాంబో’ మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్ల కుండీలు, వాటికి జనపనార తాడు, ఒక్కో కుండీలో గుచ్చిన ఆకుపచ్చ కార్డు. పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదులో రాశాను. ఫోటో చూస్తే మీరే గుర్తుపడతారు.

మా పాప ఇప్పుడు బాగానే ఉంది. ముందు ఆ మాట చెప్పి మిగతాది రాస్తున్నాను.

అమ్మిన అతను తెలుగువాడే. ఆర్డర్ పెట్టేముందే మెసేజ్ పెట్టాను: ‘ఇంట్లో పాప ఉందండీ, పాకుతోంది, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది, పర్వాలేదా’ అని. ‘నో టెన్షన్ మేడమ్, అన్నీ బేబీ సేఫ్, పెట్ సేఫ్’ అని జవాబు వచ్చింది. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది.

మొన్న సాయంత్రం టీవీ స్టాండు పక్కనున్న మొక్క ఆకు పాప కొరికింది. పెద్ద వెడల్పాటి ఆకు, మధ్యలో మీగడ రంగు మచ్చలు, చుట్టూ ఆకుపచ్చ అంచు. కొరికిన మరుక్షణమే కెవ్వుమంది. నోరు మూయడం లేదు. చొంగ ధారగా కారిపోతోంది. చూస్తుండగానే కింది పెదవి ఉబ్బింది, నాలుక బయటికి పెట్టి లోపలికి తీసుకోలేక గిలగిల్లాడింది. మా అత్తయ్య హిందూపురం నుంచి వచ్చి ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఆవిడ ఆ ఆకు చూడగానే ‘ఇది కంద దురదలాంటిదే అమ్మాయ్, నోరు తుడువు ముందు’ అన్నారు. చల్లటి తడిగుడ్డతో చిగుళ్ళు, నాలుక అంతా తుడిచి, ముక్కలేమీ మిగల్లేదని చూసుకుని, ఫ్రిజ్‌లోని పాలు చెంచాతో కొద్దికొద్దిగా పట్టారు. ఆవిడ చేసిందే సరైన పని అని తర్వాత డాక్టరుగారు చెప్పారు.

ఈలోపు నేను కార్డు లాగి చూశాను. మొక్క పేరు లేదు. ‘ప్లాంట్ 3’ అని ఉంది, అంతే. ఆసుపత్రిలో మొదట అడిగేది ఏం తిన్నదనే కదా. వెంటనే కొరికిన ఆకు ఫోటో తీసి అతనికి పంపాను. ‘పాప ఇది కొరికింది, పెదవి వాచింది, ఈ మొక్క పేరు ఏమిటి, త్వరగా చెప్పండి’ అని రాశాను. మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. పేరు చెప్పలేదు. దానికి బదులు ఒక పొడుగాటి ఫార్వర్డ్ పంపాడు. దాని పైన ‘ప్లాంట్ కేర్ టిప్స్’ అని ఉంది. నీళ్ళు ఎప్పుడు పోయాలి, ఆకులు ఎలా తుడవాలి, ఎరువు ఎంత వెయ్యాలి, ఇవన్నీ అయ్యాక చివర్లో ఒక లైను: ‘పొరపాటున మొక్క మింగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించండి.’

ఆ లైను చదివి మా ఆయన వంటింట్లోకి ఉప్పు కోసం వెళ్ళారు. అత్తయ్య అడ్డుపడ్డారు. గొంతు వాచిన పిల్లకు వాంతేమిటని కసిరారు. ఆవిడ ఆ రోజు ఇంట్లో లేకపోయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన రెండు రాత్రులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఆకు చూడగానే పేరు చెప్పారు: డైఫెన్‌బేకియా. దాని ఆకుల్లో, కాండంలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. కొరికితే అవి పెదవుల్లో, నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. అందుకే అంత మంట, అంత వాపు. చాలామందికి కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది గానీ, అరుదుగా గొంతు వాచి ఊపిరి ఆడని పరిస్థితి కూడా వస్తుందట. అందుకే పాపను చాలాసేపు అక్కడే ఉంచి శ్వాస గమనించారు. వాంతి సంగతి చెప్పగానే డాక్టరుగారి ముఖం మారిపోయింది. కక్కిస్తే ఆ స్ఫటికాలు వచ్చేదారిలో గొంతును మళ్ళీ గాయపరుస్తాయి. పైగా చిన్నపిల్లలకు ఉప్పునీళ్ళు పడితే రక్తంలో సోడియం పెరిగి అదే ప్రాణం మీదికి తెస్తుందని చెప్పారు. మొక్క కంటే ఆ ఫార్వర్డే ప్రమాదం అన్నమాట.

మర్నాడు ఫోన్ చేశాను. డబ్బు కోసం కాదు. కార్డు మీద ఆ ‘బేబీ సేఫ్’ తీసేయండి, ఆ వాంతి లైను తీసేయండి, ఇప్పటికే కొన్నవాళ్ళందరికీ ఒక మెసేజ్ పెట్టండి అని అడగడానికి. అతను చెప్పిన జవాబు మాట పొల్లుపోకుండా రాస్తున్నాను: ‘మేడమ్, మేం ఇచ్చేది జనరల్ టిప్స్. అందరికీ అవే పంపుతాం. పాపను చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్ళు.’ పాప ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ఆసుపత్రికి వెళ్ళారా అనలేదు. పాకే పాప ఉందని కొనకముందే రాశాను కదా, దానికి మీరు ఇచ్చిన జవాబు జనరల్ కాదు కదా అని అడిగితే, ‘ఇంకో కస్టమర్ లైన్లో ఉన్నారు’ అని పెట్టేశాడు. కాసేపటికి చూస్తే నా నంబరు బ్లాక్ చేశాడు. తన కస్టమర్ల గ్రూపులోంచి కూడా నన్ను తీసేశాడు. అందులో ఉన్నవాళ్ళలో ఇంకెంతమంది ఇళ్ళల్లో పసిపిల్లలున్నారో. వాళ్ళకు చెప్పే దారి కూడా మూసేశాడు. నాకు ఒళ్ళు మండుతున్నది అందుకు. పదిహేను వందలు పోయినందుకు కాదు.

ఆ రాత్రి ఐదు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాను. అంకె తప్ప అన్నీ ఒక్కటే. ‘తక్కువ వెలుతురు చాలు. వారానికి రెండుసార్లు నీళ్ళు. పిల్లలకు, పెంపుడు జంతువులకు సేఫ్. గాలిని శుభ్రం చేస్తుంది.’ ఐదు మొక్కలేమో ఇవి: అరెకా పామ్, మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, స్నేక్ ప్లాంట్, అడీనియం. ఇందులో పిల్లలకూ జంతువులకూ విషం కానిది అరెకా పామ్ ఒక్కటే. మనీ ప్లాంట్ కూడా కంద, చేమ కుటుంబానిదే, దాంట్లోనూ అవే స్ఫటికాలు. ఫిలోడెండ్రాన్, సింగోనియం, అగ్లోనిమా, మాన్‌స్టెరా, పీస్ లిల్లీ అన్నీ ఆ కుటుంబమే. స్నేక్ ప్లాంట్ నమిలితే కుక్కలకు, పిల్లులకు వాంతులు, విరేచనాలు అవుతాయి. అడీనియం అన్నిటికన్నా ఘోరం. దాని పాలల్లో గన్నేరులో ఉన్నలాంటి, గుండె మీద పనిచేసే విషం ఉంటుంది. అది గన్నేరు కుటుంబానిదే. మన ఊళ్ళల్లో గన్నేరు కాయ పిల్లల చేతికి అందనివ్వరు. ఇక్కడ దాని చుట్టాన్ని తెల్ల కుండీలో పెట్టి బేబీ సేఫ్ అని పంపుతున్నారు.

పోనీ మొక్కలకైనా ఆ సలహా పనికొస్తుందా అంటే అదీ లేదు. అడీనియం ఎండ మొక్క. తక్కువ వెలుతురులో వారానికి రెండుసార్లు నీళ్ళు పోస్తే దుంప కుళ్ళిపోతుంది. స్నేక్ ప్లాంట్‌కూ అంతే, మట్టి పూర్తిగా ఆరాకే పోయాలి. మా చెల్లి చెన్నైలో వేళచ్చేరిలో ఉంటుంది. తనకూ ఇదే కాంబో, ఇదే కార్డు వచ్చింది. సముద్రపు ఉక్కలో ఉన్న ఆ ఊరికీ, 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికీ, డిసెంబరుకూ ఏప్రిల్‌కూ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? వేలు ఒక అంగుళం మట్టిలో పెట్టి చూడమని చెప్పినా సరిపోయేది.

గాలి శుభ్రం చేస్తుందన్న మాటకు అందరూ చూపించేది నాసా కోసం 1989లో చేసిన అధ్యయనం. అది మూసేసిన చిన్న గదుల్లో చేసిన ప్రయోగం. మన ఇళ్ళల్లో కిటికీలు, తలుపుల సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. 2019లో అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేస్తే, మామూలుగా భవనంలో గాలి మారడం వల్ల జరిగే శుభ్రత మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా మొక్కలు కావాలని తేలింది. పాపకు దగ్గు తగ్గుతుందని ఆశపడి ఈ కాంబో కొనే తల్లులకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకొకటి, ఇది కూడా చిన్న విషయం కాదు. కాంబోతోపాటు ఒక జిప్ కవరులో తెల్లటి గుళికలు పంపాడు. పైన పెన్నుతో ‘పురుగుకు, 1 స్పూన్’ అని రాసి ఉంది. మందు పేరు లేదు, కంపెనీ లేదు, తేదీ లేదు. మన దేశంలో పురుగుమందు అమ్మితే దాని మీద లేబుల్ ఉండాలి, విషం ఎంత తీవ్రమో చెప్పే రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. జిప్ కవరులో విడిగా పోసి ఇవ్వడం చట్టప్రకారమే తప్పు. అవి చూడటానికి అచ్చం పంచదార పలుకుల్లా ఉన్నాయి. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు గుర్తుందా, వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. వంటింటి సామానుకూ విషానికీ తేడా తెలియకుండా పోతే జరిగేది అది. ఆ కవరు నేను పారెయ్యలేదు, ఫిర్యాదుకు సాక్ష్యంగా సీల్ చేసి పైన అటక మీద డబ్బాలో పెట్టాను.

మనీ ప్లాంట్‌ను సీసాలో పెట్టుకుంటే ‘నెలకొకసారి నీళ్ళు మార్చండి’ అని కూడా ఆ ఫార్వర్డ్‌లో ఉంది. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది. అదే ఊళ్ళో కూర్చుని నెలకొకసారి అని ఎలా రాస్తారు?

నిన్న మా ఆయన లాల్‌బాగ్ దగ్గర సిద్ధాపుర నర్సరీల వైపు వెళ్ళారు. అక్కడ ఒక పెద్దాయన మొక్క చూపించే ముందే అడిగాడట, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, కుక్క ఉందా, బాల్కనీకి ఎండ పొద్దున వస్తుందా సాయంత్రం వస్తుందా అని. అడీనియం అడిగితే ‘పాప పెద్దదయ్యాక తీసుకెళ్ళండి’ అన్నాడట. చేతిలోకి వచ్చే బేరం వదులుకున్నాడు. సలహా చెప్పేవాడు అలా ఉండాలి. ఇంట్లో ఎవరున్నారో అడగనివాడికి ‘సేఫ్’ అనే మాట రాసే హక్కు లేదు.

సరే, పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ఆపేస్తాను. మొక్క పేరు చెప్పని చోట కొనకండి, పేరు కుండీ మీద రాసి పెట్టుకోండి. పిల్లలు ఏదైనా మొక్క కొరికితే నోట్లో ముక్కలు తీసేసి, తడిగుడ్డతో తుడిచి, మింగగలిగితే చల్లటి నీళ్ళో పాలో కొద్దిగా పట్టండి. మీ అంతట మీరు వాంతి చేయించకండి. రసం కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడుగుతూ ఉండండి. మొక్క ముక్క కవరులో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, మింగలేకపోతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషప్రయోగాల సమాచార కేంద్రం ఉంది, ఉచిత నంబరు 1800 116 117, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పిల్లులున్నవాళ్ళు అసలైన లిల్లీ పూలు ఇంట్లోకి తేవద్దు, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. కుక్కలున్నవాళ్ళు సాగో పామ్ జోలికి పోవద్దు, లివర్ పాడై చనిపోతాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. మీలో ఎవరికైనా ఇదే కాంబో వచ్చి ఉంటే కార్డు ఫోటో, ఆ గుళికల కవరు ఫోటో తీసి దాచండి, మీరూ ఫిర్యాదు ఇవ్వండి. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ ప్రకటన ఇంకా ఉంటే అడ్మిన్‌తో మాట్లాడి ఇవాళే తీయించండి. మా గ్రూపులో పొద్దున తీయించాం.