బాంబు వార్తతో బెదిరిన పిల్లలకు 14416: ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులో పిల్లల్ని చదివించుకుంటున్న తెలుగువాళ్లకు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ గురించి ముందు చెప్పాల్సిందేమిటంటే, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం దంచేసే పిల్లలు కూడా భయమేస్తే ఇంటి భాషలోకే వస్తారు. నంబరు 14416, లేదా 1800 891 4416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. కలపగానే భాష ఎంచుకోమంటుంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. నడిపించే బాధ్యతలో ముందున్నది మన హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే.

ఇది ఉగ్రదాడుల కోసం ప్రత్యేకంగా పెట్టిన లైను కాదు. పరీక్షల బెంగ నుంచి ఆత్మహత్య ఆలోచన దాకా అన్నిటికీ ఇదే. కాబట్టి బాంబు పేలిన సాయంత్రమే పిల్లాడి చేతికి ఫోనిచ్చి మాట్లాడమంటే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మొదటి రెండు మూడు రోజుల పని ఇంట్లోవాళ్లదీ క్లాస్ టీచర్‌దీ.

2024 మార్చి 1న కుందలహళ్లి దగ్గర రామేశ్వరం కెఫేలో పేలుడు జరిగింది. ఆ చుట్టుపక్కల, మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో మనవాళ్ల ఇళ్లు ఎన్నో. దానికి మూడు నెలల ముందు, 2023 డిసెంబర్ 1న, పదుల కొద్దీ బడులకు బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చాయి. అవి ఉత్తుత్తివే. కానీ పరుగున వచ్చి తమను ఎత్తుకెళ్లిన అమ్మానాన్నల ముఖాలు పిల్లలు చూశారు కదా. అందుకే బెదిరింపు అబద్ధమని తేలాక కూడా పిల్లలతో మాట్లాడాల్సిందే.

ఏం చెప్పాలి? మూడు ముక్కలు: ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఇప్పుడు ఎవరు ఏం చేస్తున్నారు. ఏడేళ్ల లోపు పిల్లలకు అంతే చాలు. 'ఇంకెప్పుడూ ఇలా జరగదు' అని ఒట్టు పెట్టకండి, మళ్లీ ఏదైనా జరిగితే మీ మాట మీద నమ్మకం పోతుంది. సీసీటీవీ దృశ్యాన్ని టీవీ పదేపదే తిప్పుతుంటే కట్టేయండి. మరీ చిన్నవాళ్లు ఒకే దృశ్యాన్ని పదిసార్లు చూసి పది పేలుళ్లు జరిగాయనుకుంటారు. పెద్ద పిల్లలకు ఆ వీడియో క్లాస్ వాట్సాప్ గ్రూపులోనే దొరుకుతుంది, కాబట్టి ఏం చూశారో వాళ్లనే అడగండి. కెఫేలో పేలింది సంచిలో పెట్టిన బాంబు. దాంతో ఎక్కడ సంచి కనిపించినా బెదిరే పిల్లలుంటారు. 'ఏం కాదులే' అనే బదులు పని నేర్పండి: ముట్టుకోవద్దు, దూరం జరుగు, అక్కడున్న సిబ్బందికి చెప్పు, పెద్దవాళ్లు అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తారు. చేయాల్సిన పని తెలిస్తే భయం కొంత అదుపులోకి వస్తుంది.

ఇక ఫోన్ ఎప్పుడు? నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, చిరాకు, చదువు మీద ధ్యాస నిలవకపోవడం మొదటి వారాల్లో మామూలే. చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. నెల దాటాక కూడా తగ్గకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా, ఆ దృశ్యం కళ్ల ముందు మళ్లీ మళ్లీ మెదులుతోందన్నా చేయండి. చచ్చిపోతానన్న మాట నోటివెంట వస్తే నెల కోసం చూడొద్దు, ఆ రాత్రే చేయండి. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం ముందు 112.

చేసే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పటినుంచి, ఎన్ని గంటలు నిద్రపోతోంది, తిండి ఎలా ఉంది, బడి ఎన్ని రోజులు మానేసింది, అంతకుముందు ఎలా ఉండేది. ఇవి లేకుండా చేస్తే సగం సమయం వీటికే పోతుంది. చిన్నపిల్లల తరఫున పెద్దవాళ్లే మాట్లాడాలి. హైస్కూలు పిల్లలైతే వాళ్లకే ఫోనిచ్చి మీరు గది బయటికి వెళ్లండి. తలుపు చాటున వినడాలు వద్దు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు లేదా ఆసుపత్రికి పంపుతారు.

లోటు ఇక్కడే. మామూలు ఫోన్ కాల్‌లో పిల్లాడు కనపడడు. ఐదేళ్ల పిల్ల భయం మాటల్లో కాదు, బొమ్మల్ని పదే పదే పేల్చే ఆటలో బయటపడుతుంది, అది చూడాలంటే ఎదుట కూర్చోవాలి. రెండోసారి చేసినప్పుడు వేరే కౌన్సెలర్ ఎత్తితే కథ మొదటినుంచి చెప్పుకోవాల్సి రావచ్చు, ఆ కాగితం పారేయకండి. చిన్నపిల్లల విషయంలో నిమ్హాన్స్‌లోని పిల్లల మానసిక వైద్య విభాగానికి నేరుగా తీసుకెళ్లడమే మేలు.

అయినా, పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టి 'ఏం చూశావో, ఎలా అనిపించిందో అందరి ముందూ చెప్పు' అనే ఒక్కపూట వర్క్‌షాపుల కంటే ఈ ఫోన్ వెయ్యి రెట్లు నయం. అలా ఒక్క విడతలో అంతా కక్కించడం వల్ల మేలు జరగదనీ, కొందరికి కీడే చేయొచ్చనీ ఈ రంగంలో ఎప్పుడో తేలింది. అయినా బడులు వాటికి డబ్బు కడుతూనే ఉన్నాయి.

ఏ హెల్ప్‌లైనూ తీర్చలేనిది మరొకటుంది. దాడి మర్నాడు క్లాసులో ముస్లిం పిల్లాణ్ని 'మీవాళ్లే కదా' అంటారు. 2025 ఏప్రిల్ 22 పహల్గాం దాడి లాంటి వాటి తర్వాత ఈ మాటకు పదును ఎక్కువ. అన్న పిల్లాడి పేరెత్తకుండా, ఆ రోజే, క్లాసంతటికీ టీచరే చెప్పాలి: చేసినవాళ్లు వేరు, నీ పక్క బెంచీవాడు వేరు. తర్వాత ఆ పిల్లాడితో విడిగా ఓ ఐదు నిమిషాలు మాట్లాడాలి.

బడిలో మాక్ డ్రిల్ పెడితే ముందురోజే పిల్లలకు చెప్పండి. దీపావళి టపాసుల చప్పుడుకు పాత భయం తిరగబెట్టొచ్చు. ఆ వారం 14416 ఫ్రిజ్ మీద రాసి ఉంచండి.