చిన్న సిటీలో అన్నీ ఉన్నాయి, కాకపోతే ఒక్కొక్కటే

రేటింగ్ అయిదుకి మూడున్నర. వాడింది రెండేళ్ళ నాలుగు నెలలు, అదీ ఇంటిల్లిపాదీ, అంటే నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, మా నాన్న.

ఫ్రిజ్ కొనాలంటే పదిహేను రివ్యూలు చదువుతాం. ఊరు మారేటప్పుడు మాత్రం "అక్కడ ప్రశాంతంగా ఉంటుందిరా" అని ఎవరో అన్న ఒక్క మాట పట్టుకుని సామాను కట్టేస్తాం. నేనైతే అలాగే కట్టాను. అందుకే పెద్ద సిటీ వదిలి చిన్న సిటీకి పోదామా అని ఊగిసలాడుతున్నవాళ్ళ కోసం, వాడిన వస్తువు గురించి రాసినట్టే రాస్తున్నాను. ఈ ఊరంటే నాకు ఇష్టమే, ఆ ఇష్టాన్ని కాసేపు పక్కన పెడతాను.

ముందు టైమ్ సంగతి. పాత ఊళ్ళో ఆఫీసుకి వెళ్ళడానికి గంటా ఇరవై నిమిషాలు, తిరిగి రావడానికి గంటన్నర. ఇక్కడ నాది ఇంటి నుంచే పని, పాపని స్కూల్లో దింపి వచ్చేదంతా కలిపినా పావుగంట. మనుషులు ఏ కాలంలోనైనా, ఏ ఊళ్ళోనైనా సగటున రోజుకి ఓ గంట ప్రయాణానికే ఒప్పుకుంటారని చెజారె మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో రాశాడు. నడిచే రోజుల్లో ఊళ్ళు చిన్నవి, బండ్లూ రైళ్ళూ వచ్చాక ఊళ్ళు సాగాయి, ఆ గంట మాత్రం సాగలేదని ఆయన లెక్క. ఆ లెక్కన పదేళ్ళపాటు దాదాపు ముగ్గురి వాటా ప్రయాణం నేనొక్కణ్ణే చేసేశాను. మిగిలిన టైముతో ఏం సాధించావని మాత్రం అడక్కండి, మొదటి ఆరు నెలలు దాన్ని ఫోనే తినేసింది. తర్వాత్తర్వాత సాయంత్రం పాపకి సైకిల్ నేర్పడం, వెలుతురు ఉండగానే ఇంట్లో ఉండటం లాంటివి అలవాటయ్యాయి.

ఇంకోటి, నడక. వచ్చిన కొత్తలో ఫుట్‌పాత్ మీద అందర్నీ దాటేస్తూ పోయేవాణ్ణి, అందరూ ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తారా అని చిరాకు పడేవాణ్ణి. జనాభా ఎక్కువున్న ఊళ్ళలో మనుషులు నిజంగానే వేగంగా నడుస్తారని 1976లోనే వేర్వేరు దేశాల ఊళ్ళలో కొలిచి చూపించారట. ఇప్పుడు పని మీద పాత సిటీకి వెళ్తే వెనక నుంచి నన్నే తోసుకుంటూ పోతున్నారు.

ఇక అసలు విషయానికొస్తాను. చిన్న సిటీలో ఏమీ ఉండవనుకుని భయపడతారు చాలామంది. అది తప్పు. అన్నీ ఉంటాయి. ఒక్కొక్కటే ఉంటుంది. మంచి పిల్లల డాక్టరు ఒకరు, మీ పని తెలిసిన కంపెనీ ఒకటి, మీ ల్యాప్‌టాప్ విప్పి మళ్ళీ బిగించగలిగిన మనిషి ఒకడు. ఆ ఒక్కటీ బాగున్నంత కాలం స్వర్గమే. అది సెలవు పెట్టిన రోజు చూడాలి మన అవస్థ. దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు, ప్రతి సేవ నిలబడటానికీ కనీసం ఇంతమంది కస్టమర్లు కావాలని, అందుకే కొన్ని ప్రతి ఊళ్ళోనూ ఉంటే కొన్ని పెద్ద ఊళ్ళకే పరిమితమవుతాయని వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త 1933లోనే చెప్పాడు. మన ఊళ్ళో ఉన్న జనం ఒక న్యూరాలజిస్టుకి సరిపోతారు, ఇద్దరికి సరిపోరు. అంతే.

ఇంటర్నెట్ దగ్గర నాకు మొదటిసారి బుద్ధొచ్చింది. వచ్చిన నెలలోనే ఫైబర్ పెట్టించాను, స్పీడు పెద్ద సిటీ కంటే బాగుంది, అప్‌లోడ్ కూడా. తెలివిగా రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు కూడా దగ్గర పెట్టుకున్నాను, ఒకటి పోతే ఇంకోటి అని. ఓ మంగళవారం పొద్దున్న క్లయింటుతో మీటింగ్ మధ్యలో ఫైబర్ పోయింది, ఫోన్ తీశాను, మొదటి సిమ్‌లో డేటా లేదు, రెండోదాంట్లోనూ లేదు. ఊరి బయట రోడ్డు తవ్వుతున్న మెషిన్ కేబుల్ తెంపేసింది. మా వీధి టవర్లు కూడా ఆ కేబుల్ మీదే బతుకుతున్నాయట, అది ఆ రోజే తెలిసింది. గాల్లో వచ్చే సిగ్నల్ అనుకుంటాం కానీ టవరు దాకా వచ్చేది చాలాచోట్ల భూమిలోంచే. ఏడు గంటలు పోయింది. నేను చేసిన పని ఏంటంటే లైబ్రరీ అరుగు మీద కూర్చుని, కలిసిన ప్రతి మనిషినీ "మీకు వస్తోందా?" అని అడగడం. కాబట్టి రెండో లైను తీసుకునే ముందు అది ఊళ్ళోకి ఏ దారిన వస్తుందో కనుక్కోండి. సేల్స్‌వాళ్ళకి తెలీదు. స్తంభం ఎక్కే కుర్రాణ్ణి అడగండి.

ఉద్యోగాల విషయంలో నాకంటే మా ఆవిడే ఎక్కువ నష్టపోయింది, ఇది ఒప్పుకోవాలి. తను చేసేది ల్యాబ్ పని. అలాంటి ల్యాబ్ ఈ ఊళ్ళో ఒకటుంది, చేరింది, ఏడాది తిరగకుండానే పై ఆఫీసరుతో పడలేదు. పాత సిటీలో అయితే రాజీనామా ముఖాన కొట్టి రోడ్డు దాటితే ఇంకో ల్యాబ్. ఇక్కడ రోడ్డు దాటితే మా ఇల్లు. ఊరి జనాభా పెరిగేకొద్దీ తలసరి జీతాలూ కొత్త ఆవిష్కరణలూ పెరుగుతాయని 2007లో బెటెన్‌కోర్, వెస్ట్ అనే శాస్త్రవేత్తల బృందం లెక్క కట్టింది. నేరాలు కూడా అదే తీరున పెరుగుతాయని కూడా అందులోనే ఉంది, ఆ సగం చూపించి మా ఆవిడని ఓదార్చబోతే ఫలితం దక్కలేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో రిపోర్టులు సరిదిద్దే పని చేస్తోంది, చేతిలో పిపెట్ లేక తోచట్లేదంటుంది. ఇంట్లో ఒకరిదే రిమోట్ ఉద్యోగమైతే రెండోవాళ్ళ సంగతి ముందు తేల్చుకోండి, వెళ్ళాక చూద్దాం అనుకుంటే చూడటానికేమీ ఉండదు.

హాస్పిటల్ గురించి కొంచెం పెద్దగా రాస్తాను. పోయిన ఏడాది ఓ రాత్రి తొమ్మిదింటికి నాన్న చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయారు. కుడిచేతి వేళ్ళు గుండీని పట్టుకున్నాయి కానీ కన్నంలోకి తొయ్యట్లేదు. ఏంటి నాన్నా అంటే మాట ముద్దగా వచ్చింది, నోరు ఓ పక్కకి జారింది. స్ట్రోక్‌లో నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు పోతాయని, గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలని, అదీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే అని తర్వాత చదివాను. అప్పుడు తెలిసింది ఒక్కటే, పరిగెత్తాలి. ఎనిమిది నిమిషాల్లో హాస్పిటల్లో ఉన్నాం. పెద్ద సిటీలో ఆ టైముకి మా వీధి మలుపు కూడా దాటేవాళ్ళం కాదు.

స్కాన్ మెషిన్ ఉంది. దాన్ని నడిపే అతను డ్యూటీ దిగి వెళ్ళిపోయాడు, కానీ ఉండేది ఎదురు సందులోనే, చెప్పులతోనే పరిగెత్తుకొచ్చాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క న్యూరాలజిస్టు ఊళ్ళో లేరు. డ్యూటీ డాక్టరమ్మ స్కాన్ బొమ్మల్ని పెద్ద సిటీలోని స్పెషలిస్టుకి పంపించి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వింటూనే మోతాదు రాసుకుంది. గంటా పది నిమిషాల్లో ఇంజెక్షన్ పడింది. ఆ తర్వాత మూడు గంటల అంబులెన్స్ ప్రయాణం. ఆ మూడు గంటల టెన్షన్ గురించి రాయను. దారిలో ఒకచోట నర్సు "బాబుగారూ, ఆయన చెయ్యి నొక్కుతున్నారు చూడండి" అంది.

ఇప్పుడు చెప్పండి, దీన్ని ప్లస్‌లో వెయ్యాలా మైనస్‌లోనా? నాకు ఇప్పటికీ తేలలేదు. నాన్న బాగానే ఉన్నారు, గుండీలకి మాత్రం కాస్త టైమ్ పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, లేదా నెలనెలా స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాల్సిన జబ్బుంటే, ఊరు చూడ్డానికి వెళ్ళినప్పుడు పార్కులూ చెరువులూ తర్వాత, ముందు హాస్పిటల్‌కి వెళ్ళి రాత్రిపూట స్కాన్ చేస్తారా, చేస్తే ఎవరు చదువుతారు అని అడగండి. మందుల షాపులో నిలబడి అడిగినా చెప్తారు.

మందుల షాపంటే గుర్తొచ్చింది. అక్కడ క్యూలో పదిమంది ముందు "నాన్నగారికి విరోచనం ఫ్రీగా అవుతోందాండీ ఇప్పుడు?" అని అడిగాడు ఆ షాపతను. మంచి మనసుతోనే అడిగాడు. ఈ ఊళ్ళో మన సంగతి మన కంటే ముందే ఇంటికి చేరుతుంది, నాకు ఇప్పుడు ఫర్వాలేదు, మా ఆవిడకి ఇంకా ఒళ్ళు మండుతుంది.

స్కూలు బాగుంది, టీచర్లకి పాప పేరు తెలుసు. పదో తరగతి తర్వాత ఏంటన్నది ఇంకా ఆలోచించలేదు. అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఆన్‌లైన్‌లో మూడే కనిపించాయి, నిజానికి మంచివన్నీ నోటిమాట మీదే పోతాయి, కాబట్టి ఓ వారం ముందొచ్చి లాడ్జిలో దిగి వీధులు తిరగండి. సామాను లారీకి మామూలు కంటే ఎక్కువ అడుగుతారు, తిరుగు లోడు దొరకదని. వాదించకండి, నిజంగానే దొరకదు.

కొనడం మాత్రం వెంటనే వద్దు. కొనేవాళ్ళు తక్కువ కాబట్టి ఇక్కడ ఇల్లు అమ్మాలంటే నెలలు పడుతుంది, ఈలోగా పెద్ద సిటీలో ధరలు మనల్ని దాటి వెళ్ళిపోతే తిరిగి పోవడానికి దారుండదు. కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అద్దెకుండి చూసుకోండి.

మా పాత సిటీ ఇల్లు అద్దెకిచ్చాం. అందులో ఉంటున్నవాళ్ళు కొనుక్కుంటామని అడుగుతున్నారు. ఈ నెలాఖరుకి చెప్తానన్నాను. పోయిన నెలాఖరుకి కూడా అదే చెప్పాను.